పాత డిస్కు తిరిగితే చాలునా?

కోటవురట్ల ప్రాంతపు బాలబాలికలకు ఏటికొప్పాక లక్కబొమ్మ ఎట్లా తయారవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. అంకుడు కర్ర ముక్కను లేతు యంత్రానికి బిగించి గిరగిర తిప్పుతారు. తిరుగుతున్న కర్రకు పనివాడు రంగు లక్క కడ్డీని ఆనించి పట్టుకొంటాడు. ఒరిపిడి వల్ల వేడి పుట్టి, లక్క కరిగి, కర్ర పైన నున్నగా పరచుకొంటుంది. తాకిడి లేకపోతే వేడి లేదు. వేడి లేకపోతే రంగు లేదు. ఆ పనికంతకు తాకిడే ప్రాణం.

కంప్యూటరులో సమాచారాన్ని భద్రపరచే హార్డ్ డిస్కు కూడ తిరిగే వస్తువే. అయితే దాని ధర్మం లక్కపనికి పూర్తిగా విరుద్ధం. అల్యూమినియపు పళ్ళెం మీద అయస్కాంత పదార్థాన్ని పలుచని పూతగా పూస్తారు. ఆ పళ్ళెం వేగంగా తిరుగుతూ ఉంటే, 'హెడ్డు' అనే చిన్న సాధనం దాని మీద గాలిపొర ఆధారంతో తేలుతూ, పూతలోని అయస్కాంత చిహ్నాలను చదువుతుంది. కొత్త చిహ్నాలను వ్రాస్తుంది. పళ్ళేనికి, హెడ్డుకు మధ్యనున్న ఎడం వెంట్రుక మందంలో ఎన్నో వంతు. అంత దగ్గరగా ఉండి కూడ హెడ్డు పళ్ళేన్ని తాకరాదు. తాకితే పూత గీచుకొనిపోతుంది. పూతతోపాటు దానిమీది వ్రాత కూడ పోతుంది. లక్కబొమ్మకు ప్రాణమైన తాకిడే డిస్కుకు మృత్యువు.

ఈ భేదాన్ని మనసులో ఉంచుకొంటే, నేడు లోకంలో పలుచోట్ల జరుగుతున్న ఒక ప్రయత్నానికి సరిగా విలువ కట్టవచ్చు. 1960, 1970 దశకాల నాటి మినీకంప్యూటర్లను, వాటి డిస్కు యంత్రాలను మ్యూజియములవారు, పదవీవిరమణ చేసిన ఇంజనీర్లు, ఔత్సాహికులు తిరిగి నడిపిస్తున్నారు. ఏళ్ళ తరబడి మూలపడి ఉన్న డిస్కు మరల తిరిగి, తన పాత వ్రాతను చదివి చూపినప్పుడు చూచేవారికి కలిగే ఆనందం సహజమే. ఆ పనికి కావలసిన ఓర్పూ నేర్పూ అసామాన్యం. అయినా విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. యంత్రం తిరిగితే చాలునా? అట్లా తిప్పినందువల్ల ఏమి దక్కింది, ఏమి పోయింది అన్న లెక్క చూడవద్దా?

మినీకంప్యూటరు, దాని పళ్ళెం

తొలినాటి కంప్యూటర్లకు పెద్ద గది, గదిని చల్లబరచే యంత్రాలు, వాటిని కనిపెట్టుకొని ఉండడానికి ప్రత్యేక సిబ్బంది కావలసి వచ్చేవి. 1965లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ పి.డి.పి.-8 అనే చిన్న కంప్యూటరును విడుదల చేసింది. ఒక ప్రయోగశాల గాని, కర్మాగారపు విభాగం గాని తనకంటూ కొనుక్కోగల ధరలో వచ్చిన ఈ జాతి యంత్రాలకే మినీకంప్యూటర్లని పేరు వచ్చింది. 1970లో ఆ సంస్థే పి.డి.పి.-11 అనే 16 బిట్ల యంత్రాన్ని తెచ్చింది.

ఇది కేవలం పరదేశపు కథ కాదు. 1967లో హైదరాబాదులో భారత ప్రభుత్వపు అణుశక్తి శాఖ క్రింద ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఏర్పడింది. దాని స్థాపనకు ముఖ్యుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రంలో రూపొంది 1969లో వెలువడిన టి.డి.సి.-12 అనే 12 బిట్ల కంప్యూటరును తయారుచేసిన సంస్థ ఇదే. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1970 దశకంలో టి.డి.సి.-312, 16 బిట్ల టి.డి.సి.-316 అనేవి కూడ హైదరాబాదు నుంచే వచ్చినవి. కాబట్టి మినీకంప్యూటరు తెలుగు నేల మీద తయారైన వస్తువు. దాని భవిష్యత్తును గూర్చిన చర్చ తెలుగు విద్యార్థికి పరాయిది కాదు.

ఆనాటి డిస్కు ఎట్టిదో తెలియడానికి ఒక ఉదాహరణం చాలు. 1970 దశకంలో పి.డి.పి. యంత్రాలకు ఎక్కువగా అమర్చిన డిస్కు యంత్రం పేరు ఆర్.కె.05. దానిలోని పళ్ళెం వ్యాసం 14 అంగుళాలు, అనగా సుమారు 35.6 సెంటీమీటర్లు. ఈ పళ్ళేన్ని ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, అవసరమైనప్పుడు యంత్రంలో పెట్టి, పని తీరిన తరువాత తీసి బీరువాలో దాచుకొనేవారు. పళ్ళేనికి రెండు ముఖాలు, ఒక్కొక్క ముఖం మీద 203 వలయాలు, పి.డి.పి.-11కు వాడినప్పుడు ఒక్కొక్క వలయంలో 12 ఖండాలు. ఒక్కొక్క ఖండంలో 512 బైట్లు. ఈ నాలుగు సంఖ్యలను గుణిస్తే 24,94,464 బైట్లు వస్తవి. నేటి యూనికోడు పద్ధతిలో తెలుగు లిపి సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడుతున్నవి. అంటే తలుపంత బరువుగా కదిలే ఆ యంత్రం మొత్తం మీద సుమారు ఎనిమిది లక్షల ముప్పది వేల తెలుగు సంకేతాలను మాత్రమే దాచగలదు. నేటి చరవాణిలో తీసిన ఒక ఫొటోకు అది తరచు చాలదు.

ఈ పళ్ళెం నిమిషానికి 1500 సార్లు, అనగా సెకండుకు 25 సార్లు తిరుగుతుంది. దాని చుట్టుకొలత సుమారు 1.12 మీటర్లు. కాబట్టి దాని అంచు సెకండుకు 28 మీటర్లు, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. రహదారి మీద పోయే కారు వేగమది. అంత వేగంతో పోతున్న ఉపరితలానికి కొద్ది మైక్రోమీటర్ల ఎత్తున హెడ్డు తేలుతూ ఉండాలి. ఒక ధూళికణం అడ్డుపడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మొదటి మార్గం: అసలు యంత్రాన్నే నడపడం

పాత డిస్కులను ఉద్ధరించడానికి మూడు మార్గాలున్నవి. మొదటిది అసలు యంత్రాన్నే బాగుచేసి నడపడం. ఇది అన్నిటిలోనూ గౌరవనీయమైనది. అన్నిటిలోనూ ప్రమాదకరమైనది కూడ.

తెలియనివాడు చేసే మొదటి తప్పు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం. ఏళ్ళ తరబడి వాడని యంత్రంలో విద్యుత్ సరఫరా భాగపు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు దెబ్బతిని ఉంటవి. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే అవి పగిలిపోవచ్చు. లేదా తప్పు వోల్టేజి లోపలికి పోయి, నేడు దొరకని భాగాలను మాడ్చివేయవచ్చు. అందుచేత తెలిసినవారు సరఫరా భాగాన్ని విడదీసి, వోల్టేజిని మెల్లమెల్లగా పెంచుతూ, డిస్కుకు బదులు వేరొక భారాన్ని కలిపి పరీక్షిస్తారు.

రెండవ శత్రువు మెత్తని స్పాంజి. లోపలికి పోయే గాలిని వడగట్టే ఫిల్టర్ల వద్ద సందులు మూయడానికి ఆనాడు వాడిన స్పాంజి ఇన్నేళ్ళకు జిగురుగానో, పొడిగానో మారుతుంది. మోటారు తిప్పితే ఆ పొడి గాలితోపాటు పళ్ళెం మీదికి వస్తుంది. దుమ్మును ఆపడానికి పెట్టిన వస్తువే దుమ్ముగా మారిందన్నమాట. మూడవది బ్యాటరీ. కరెంటు హఠాత్తుగా పోతే పళ్ళెం వేగం తగ్గి, గాలిపొర బలహీనమై, హెడ్డు పళ్ళెం మీద పడుతుంది. అట్లా కాకుండ, కరెంటు పోయిన వెంటనే హెడ్డును వెనుకకు లాగివేయడానికి ఆర్.కె.05లో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పాతబడి నిర్జీవమైతే, కరెంటు పోయిన తొలిసారే డిస్కు పాడవుతుంది. తరచు కరెంటు పోయే ఊళ్ళవారికి ఈ బ్యాటరీ విలువ వెంటనే బోధపడుతుంది.

ఇవన్నీ సరిచేసి, హెడ్డులను ఆల్కహాలుతో తుడిచి, హెడ్డు దించకుండ పళ్ళేన్ని చాలసేపు ఊరక తిప్పి, లోపలి ధూళిని ఫిల్టర్ల గుండా వెళ్ళగొడతారు. మొదట విలువలేని పళ్ళెం ఒకటి పెట్టి పరీక్షిస్తారు. ఆ తరువాతనే విలువైన పళ్ళెం వంతు. ఈ క్రమంలో ఏ మెట్టు తప్పినా పోయేది ఒక్క పళ్ళెం కాదు. దెబ్బతిన్న పళ్ళెం హెడ్డును పాడుచేస్తుంది. పాడైన హెడ్డు తరువాత పెట్టిన పళ్ళేన్ని పాడుచేస్తుంది. అంటువ్యాధి వలె నష్టం వ్యాపిస్తుంది.

ఈ మార్గంలో జరిగిన మంచి పనికి ఉదాహరణం ఐ.బి.యం. వారి రామాక్ డిస్కు. 1956లో వెలువడిన ఈ యంత్రమే వ్యాపారరీత్యా అమ్ముడైన మొదటి హార్డ్ డిస్కు. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద నిమిషానికి 1200 సార్లు తిరిగేవి. నూరు ముఖాలు, ముఖానికి నూరు వలయాలు, వలయానికి 500 అక్షరాలు, వెరసి 50 లక్షల అక్షరాలు. హెడ్డును సుమారు 20 మైక్రోమీటర్ల ఎత్తున నిలపడానికి అదిమిపెట్టిన గాలిని దాని గుండా ఊదవలసి వచ్చేది. పళ్ళెం తిరుగుడు వల్ల పుట్టే గాలితోనే హెడ్డు తనంత తాను తేలే పద్ధతి ఐ.బి.యం. వారి తరువాతి డిస్కులలో వచ్చింది. 2002 నుంచి అమెరికాలోని శాంతా క్లారా విశ్వవిద్యాలయంలో, ఒకప్పుడు రామాక్ మీద పనిచేసిన ఇంజనీరు ఆల్బర్ట్ హోగ్లండ్ నాయకత్వంలో, ఒక రామాక్ డిస్కు యంత్రపు పునరుద్ధరణ జరిగింది. తరువాత అది మౌంటెన్ వ్యూలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియానికి చేరింది. దానితోపాటు ఉండవలసిన కంప్యూటరు లేకపోగా, డిస్కును ఆధునిక ఎలక్ట్రానిక్ సాధనాలతో నడిపి, పళ్ళేల మీద మిగిలిన వ్రాతను చదవగలిగారు.

ఆ కృషిలో మెచ్చుకొనదగినది యంత్రం తిరగడం కాదు. ఏది అసలు, ఏది కొత్తగా చేర్చినది అన్న విషయాన్ని దాచకపోవడం; వ్రాయడం కంటె చదవడానికి ప్రాధాన్యమివ్వడం. పాత పళ్ళెం మీద కొత్త వ్రాత వ్రాసి "ఇదిగో, పనిచేస్తున్నది" అనడం సులభం. అది తాళపత్రం మీది అక్షరాలను చెరిపి, ఆకు ఇంకా గట్టిగానే ఉన్నదని సంతోషించడం వంటిది.

ఇట్టి అనాలోచిత చర్యకు మరమ్మతు లేని సందర్భం కూడ ఉన్నది. ఆర్.ఎల్.02 అనే మరొక డిస్కు ఒక్కొక్క పళ్ళేనికి కోటి బైట్లకు పైగా దాచేది. హెడ్డు ఏ వలయం మీద ఉన్నదో తెలిపే గుర్తులు ఆ పళ్ళెం మీదనే కర్మాగారంలో ముందుగా వ్రాసి ఉంటవి. మామూలు డిస్కు యంత్రం వాటిని చదవగలదే గాని వ్రాయలేదు. పాత సమాచారాన్ని చెరిపివేద్దామని ఎవరైనా బలమైన అయస్కాంతాన్ని దానిపై ఆడిస్తే, సమాచారంతోపాటు ఆ గుర్తులు కూడ పోతవి. ఇక ఆ పళ్ళెం ఎందుకూ కొరగాదు. పొలంలోని పంటను తీయబోయి సర్వే రాళ్ళను కూడ పీకివేసినట్లన్నమాట.

రెండవ మార్గం: డిస్కు స్థానంలో వేరొక సాధనం

రెండవ మార్గంలో కంప్యూటరు అసలుదే. డిస్కు మాత్రం మారుతుంది. పాత డిస్కు యంత్రం మాట్లాడే విద్యుత్ భాషనే మాట్లాడే చిన్న సర్క్యూటును కలిపి, సమాచారాన్ని ఒక మెమరీ కార్డులో ఉంచుతారు. కంప్యూటరుకు ఈ మార్పు తెలియదు. తిరిగే భాగం లేదు, ఒరిపిడి లేదు, దుమ్ము భయం లేదు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ అలెన్ స్థాపించిన లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం ఈ పద్ధతిని బాహాటంగా అవలంబించింది. 2012లో ప్రజల కోసం తెరచిన ఆ మ్యూజియంలో పాత యంత్రాలు గాజు వెనుక మౌనంగా కూర్చొనక, సందర్శకుల చేతిక్రింద పనిచేసేవి. పాతబడిన విద్యుత్ సరఫరాలకు, డిస్కులకు బదులు కొత్త సాధనాలు పెట్టడం వల్లనే అది సాధ్యపడింది. రోజంతా నడవవలసిన యంత్రానికి యాభై ఏళ్ళ డిస్కును నమ్ముకోవడం వివేకం కాదని వారి వాదం. ఆ వాదంలో సత్యమున్నది.

అయితే ఈ మార్గంలో విద్యార్థికి జరిగే నష్టం కూడ చెప్పాలి. మినీకంప్యూటరు ప్రోగ్రాములలోని పెక్కు విశేషాలకు మూలం డిస్కు నెమ్మదితనమే. ఆర్.కె.05లో కావలసిన ఖండం దొరకడానికి సగటున 70 మిల్లీసెకండ్లు పట్టేది. హెడ్డు సరైన వలయానికి జరగడానికి 50, ఖండం హెడ్డు క్రిందికి తిరిగి రావడానికి 20. ఆ వ్యవధిలో కంప్యూటరు వేలకొద్ది ఆజ్ఞలను నెరవేర్చగలదు. తీర్థంలో రంగులరాట్నం ఎక్కిన పిల్లలకు క్రింద నిలిచిన తండ్రి మరమరాల పొట్లాలు అందిస్తున్నాడనుకొందాము. ఒక బిడ్డకు పొట్లమిచ్చి రెండవది కట్టేలోపల ప్రక్క బిడ్డ దాటిపోతుంది. ఆ బిడ్డ మరల రావడానికి పూర్తి చుట్టు ఆగాలి. అదే ఒకరు విడిచి ఒకరికి ఇస్తూ పోతే రెండు చుట్లలో అందరికీ అందుతవి. ఆనాటి ప్రోగ్రాము రచయితలు ఈ కిటుకునే వాడారు. వరుసగా చదవవలసిన ఖండాలను ప్రక్కప్రక్కన గాక, ఎడం విడిచి అమర్చేవారు. తిరగని మెమరీ కార్డు ముందు ఈ అమరిక అర్థం లేని వింతగా కనిపిస్తుంది. కారణం మాయమై కార్యం మాత్రమే మిగిలితే దానిని శాస్త్రబోధ అనలేము.

ఈ మ్యూజియం కథలో మరొక హెచ్చరిక కూడ ఉన్నది. పాల్ అలెన్ 2018లో మరణించాడు. 2020లో మ్యూజియం మూతపడింది. మరల తెరవబోమని 2024లో ప్రకటన వెలువడింది. దాని వస్తువులలో కొన్ని వేలానికి పోయినవి. మెమరీ కార్డు యంత్రాన్ని దుమ్ము నుంచి కాపాడింది గాని, ఒకే దాత మీద ఆధారపడిన సంస్థను కాలం నుంచి కాపాడలేకపోయింది.

మూడవ మార్గం: యంత్రమంతా అనుకరణ

మూడవ మార్గంలో అసలు యంత్రమే లేదు. పాత కంప్యూటరు ఏ ఆజ్ఞకు ఏమి చేస్తుందో అదే చేసే ప్రోగ్రామును నేటి కంప్యూటరులో నడుపుతారు. డిస్కు కూడ ఒక ఫైలుగా మారిపోతుంది. బాబ్ సుప్నిక్ 1990 దశకంలో ప్రారంభించిన సిమ్హెచ్ ఇట్టివాటిలో ప్రసిద్ధమైనది, పి.డి.పి.-8, పి.డి.పి.-11 మొదలైన పెక్కు యంత్రాలను అది అనుకరిస్తుంది. ఉచితంగా లభిస్తుంది. కోటవురట్ల వంటి ఊరిలోని విద్యార్థి కూడ, కంప్యూటరొకటి ఉంటే, 1970ల నాటి యంత్రంతో ఈ సాయంత్రమే మాట్లాడవచ్చు. లోకంలో మిగిలిన కొద్ది మ్యూజియముల తలుపులు తట్టనక్కరలేదు. పేదవారికి అందుబాటే గొప్ప గుణమైతే, మూడు మార్గాలలో ఇదే ఉత్తమం.

కాని అనుకరణ ఆకలి మీద ఉండే యంత్రం. దానికి ఎవరో పాత వ్రాతను అందించాలి. దీనికి నిదర్శనం యూనిక్స్ కథ. నేటి చరవాణుల దాకా వంశం వ్యాపించిన యూనిక్స్ అనే వ్యవస్థ బెల్ ప్రయోగశాలలో 1969లో మొదలైంది. దాని తొలి కూర్పులోని కేంద్రభాగం నడిచే రూపంలో మిగలలేదు. 1972 నాటి ఒక కాగితపు ప్రతిలో దాని ప్రోగ్రాము పాఠం అచ్చయి ఉన్నది. 2008లో ఔత్సాహికులు ఆ కాగితాల ప్రతిబింబాలను అక్షరాలుగా మార్చి, తప్పులను ఒక్కొక్కటిగా దిద్ది, సిమ్హెచ్ మీద నడిపించారు. అయస్కాంతం మరచినదానిని కాగితం జ్ఞాపకముంచుకొన్నది.

ఇట్టి అదృష్టం అన్నిటికీ పట్టదు. 1969లో అపోలో 11 చంద్రుని చేరినప్పటి మూల సంకేతాలున్న టేపులు తరువాతి కాలంలో చెరిపి తిరిగి వాడబడినవని నాసా సంస్థ 2009లో చెప్పవలసి వచ్చింది. మానవజాతి అంతా కన్నులప్పగించి చూచిన సంఘటన గతే ఇట్లా అయితే, ఒక జిల్లా కార్యాలయపు లెక్కలున్న డిస్కు గతి చెప్పేదేమున్నది?

మన దేశం నేర్చిన పాఠం

మూడు మార్గాలలోనూ సామాన్యమైన లోపం ఒకటున్నది. మూడింటిలోనూ ప్రశంస యంత్రానికే దక్కుతున్నది; యంత్రాన్ని నిలిపి ఉంచిన విద్యకు దక్కడం లేదు. ఈ విషయంలో మన దేశపు అనుభవం గమనింపదగినది.

1978లో ఐ.బి.యం. సంస్థ భారతదేశంలో తన వ్యాపారాన్ని చాలించి వెళ్ళిపోయింది. దాని యంత్రాలు మాత్రం ఇక్కడే ఉండిపోయినవి. తయారుచేసినవాడు లేని యంత్రాన్ని ఎవరు నడపాలి? ఆ భారాన్ని 1975లో భారత ప్రభుత్వం స్థాపించిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ స్వీకరించింది. పేరులోనే మరమ్మతును పెట్టుకొన్న సంస్థ అది. తరువాత సి.యం.సి. అన్న పేరుతో ప్రసిద్ధికెక్కి, రైల్వే సీట్ల రిజర్వేషనును కంప్యూటరులోకి మార్చే పనిని 1985-86లో ఢిల్లీలో ప్రారంభించినది కూడ ఇదే. ఆ ఏర్పాటు నడచినది మినీకంప్యూటరు వంశంలోని పెద్ద యంత్రమైన వ్యాక్స్ మీద. రైలు కదిలేలోపు టిక్కెట్టు ఇవ్వవలసిన చోట డిస్కు ఆగిపోతే, వరుసలో నిలిచిన ప్రయాణికునికి చరిత్ర చెప్పి ప్రయోజనం లేదు. ఎవరో ఒకరు వచ్చి దానిని బాగుచేయాలి. 2015లో ఆ సంస్థ టాటా కన్సల్టెన్సీలో విలీనమై, ఆ పేరు నేడు చరిత్రలో చేరింది.

ఈ చరిత్రను చెప్పేవారు సాధారణంగా ప్రారంభోత్సవాల తేదీలను చెబుతారు. యంత్రాల పేర్లను, వాటిని తెప్పించిన పెద్దల పేర్లను చెబుతారు. అర్ధరాత్రి వేళ ఆసిలోస్కోపు తెర మీద సంకేతపు ఆకారాన్ని చూస్తూ, మర మేకును వెంట్రుకవాసి త్రిప్పి, హెడ్డును సరైన వలయం మీదికి తెచ్చిన చేతుల మాట చెప్పరు. ఆర్.కె.05కు ఆ సర్దుబాటు నిజంగా ఉన్నది. అందుకోసం ప్రత్యేకంగా వ్రాసిన పళ్ళెం ఒకటి పెట్టి, రెండు సంకేతాలు తెర మీద సమానమయ్యేదాకా హెడ్డును జరపాలి. పుస్తకంలో నాలుగు వాక్యాలుగా కనిపించే ఆ పని చేతికి అలవడాలంటే నెలలు పడుతుంది. అది చేసినవారు ఇప్పుడు వృద్ధులు. పళ్ళెం మీది పూత కంటె ముందుగా పోయేది వారి జ్ఞాపకమే.

తీర్పు

కాబట్టి పునరుద్ధరణకు విలువ కట్టేటప్పుడు మూడు వస్తువులను వేరుచేసి చూడాలి. మొదటిది వ్రాత, రెండవది యంత్రం, మూడవది విద్య. వ్రాత పోతే తిరిగి రాదు. అందుచేత పాత పళ్ళేన్ని తిప్పవలసి వస్తే చదవడానికే తిప్పాలి. తిరిగిన తొలిసారే దానిమీది వ్రాతకు పూర్తి నకలు తీసి, పళ్ళేన్ని భద్రపరచాలి. ప్రదర్శనకు వేరొక పళ్ళెం వాడాలి. నకలు తీయకముందు జరిగే ప్రదర్శన ఎంత వైభవంగా ఉన్నా, అది జూదమే. నకలు తీసిన తరువాత అనుకరణకు ఆహారం దొరుకుతుంది. మెమరీ కార్డుకు పని దొరుకుతుంది. అప్పుడు మూడు మార్గాలు పోటీదారులు గాక సహోదరులవుతవి. అసలు యంత్రం కారణాన్ని చూపుతుంది; మారు సాధనం యంత్రానికి ఆయుర్దాయమిస్తుంది; అనుకరణ అందరికీ పంచిపెడుతుంది. ఇక విద్యను కాపాడడానికి నోటిమాట, చేతివ్రాత తప్ప వేరు మార్గం లేదు. బాగుచేసినవాడు బాగుచేసిన విధమంతా, చేసిన తప్పులతో సహా, వ్రాసి ఉంచితేనే ఆ పునరుద్ధరణ పూర్తి అయినట్లు.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఇందులో చేయదగిన పని ఉన్నది. మినీకంప్యూటరు దొరకనక్కరలేదు. పాఠశాలలో పనికిరాక మూలపడిన కంప్యూటరు ఉంటే, అందులో పాఠశాల రికార్డులేవీ మిగిలి లేవని నిశ్చయించుకొని, దాని హార్డ్ డిస్కును విద్యార్థుల ముందు విప్పవచ్చు. నక్షత్రాకారపు మరలకు తగిన స్క్రూడ్రైవరు కావాలి. లోపలి అయస్కాంతాలు వ్రేళ్ళను నొక్కివేసేటంత బలమైనవి; ల్యాప్‌టాప్ డిస్కుల పళ్ళేలు కొన్ని గాజుతో చేసినవి, పగులుతవి. ఈ జాగ్రత్తలు పాటిస్తే, అద్దం వంటి పళ్ళెం, దానిమీద ఆగిన చిన్న చేయి, చేయి చివరి హెడ్డు అందరికీ కనిపిస్తవి. పళ్ళెం వ్యాసాన్ని కొలిచి, పైచీటీ మీద గాని తయారీదారు వివరాలలో గాని ఉన్న వేగాన్ని తీసికొని, అంచు ఎంత వేగంతో పోయేదో విద్యార్థులచేత లెక్క కట్టించవచ్చు. విప్పిన డిస్కు మరల పనిచేయదని, ఎందుకు పనిచేయదో కూడ వారిచేతనే చెప్పించాలి.

ఇంకొకటి ఇంతకంటె విలువైన పని. అనకాపల్లి, విశాఖపట్నం ప్రాంతాలలో పాత కంప్యూటర్ల మరమ్మతు చేసి విశ్రాంతి తీసికొంటున్నవారు ఎవరైనా ఎరుకలో ఉంటే, విద్యార్థులు పుస్తకం, కలం తీసికొని వారి వద్దకు పోవాలి. ఏ భాగం తరచు చెడిపోయేది, చెడిపోయినట్లు ఎట్లా తెలిసేది, చెవికి ఏ శబ్దం వినిపించేది, విడిభాగం దొరకనప్పుడు ఏమి చేసేవారు అని అడిగి, వారి మాటలలోనే వ్రాసికొనాలి. లక్క కడ్డీని ఎంత ఒత్తిడితో ఆనించాలో ఏటికొప్పాక పనివాని చేతికి తెలుసు. ఆ తెలివి తండ్రి నుంచి కొడుకుకు చేరుతున్నందువల్లనే ఆ బొమ్మలు నేటికీ తయారవుతున్నవి. హెడ్డు పళ్ళేన్ని తాకకుండ నిలిపిన చేతి తెలివికి అట్టి వారసులు లేరు. ఆ వారసత్వం పాఠశాలలు స్వీకరిస్తే, తిరిగే పళ్ళెం ఆగిన తరువాత కూడ దాని కథ ఆగదు.